బంతి మన చేతికొచ్చిన కథ

ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి వెలిసిన రోజుల్లో కంప్యూటర్ పట్టిన తెలుగువాళ్లకు పిన్‌బాల్ కొత్త కాదు. విండోస్ ఎక్స్‌పీతో పాటే వచ్చిన ‘స్పేస్ కేడెట్’ ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. పైనుంచి దొర్లుకుంటూ వచ్చే బంతిని అడుగున ఉన్న రెండు రెక్కలతో మళ్లీ పైకి కొట్టాలి. అది మధ్య సందులోంచి జారిపోకుండా ఎంతసేపు కాపాడుకుంటే అన్ని పాయింట్లు. తెరమీది ఆ ఆటకు మూలమైన అసలు యంత్రాలు మన ఊళ్లలో అరుదు. అవి ఎక్కువగా తయారైంది అమెరికాలోని షికాగో నగరంలో. 1950, 60, 70 దశకాల్లో బార్లలో, బౌలింగ్ హాళ్లలో నాణేలు మింగుతూ వెలిగిన యంత్రాలు తర్వాత గ్యారేజీల్లో, ఇళ్ల నేలమాళిగల్లో మూలనపడ్డాయి. వాటిని వెతికి తెచ్చి, విప్పి, శుభ్రం చేసి మళ్లీ ఆడించేవాళ్లు ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉన్నారు.

ఆ పనికి పూనుకున్నవారికి ఒక్కో భాగం దగ్గర ఒక్కో ఆవిష్కరణ ఎదురవుతుంది. వాటన్నిటినీ కలిపే దారం ఒకటే: అదృష్టం చేతిలో ఉన్న బంతి అంచెలంచెలుగా ఆటగాడి చేతిలోకి రావడం. యంత్రం పాడైతే ముందుగా పోయేది కూడా ఆ పట్టే. దీపాలు వెలుగుతుంటాయి, గంట మోగుతుంటుంది, బంతి మాత్రం మన మాట వినదు. పాత పిన్‌బాల్‌ను బాగుచేయడమంటే ఆ పట్టును ఆటగాడికి తిరిగి అప్పగించడం. ఈ సంగతి అర్థం కావాలంటే ఏ భాగం ఎందుకు పుట్టిందో తెలియాలి.

18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో బిలియర్డ్స్ బల్లను ఇరుకు చేసి, గుంటలు పెట్టి, వాటి చుట్టూ పుల్లలు నాటి ఒక ఆట ఆడేవారు. పారిస్ దగ్గర 16వ లూయీ తమ్ముడు కట్టించిన బాగటెల్ భవనంలో 1777లో జరిగిన విందుతో దానికి పేరొచ్చిందని, ఆ భవనం పేరే ఆటకూ స్థిరపడిందని చెబుతారు. మేకులు కొట్టిన చెక్కపలక మీద స్టీలు గుండ్లు దొర్లించే బొమ్మ మన బొమ్మల కొట్లలోనూ దొరికేది. అదీ ఈ వంశానిదే.

బాగటెల్‌లో బంతిని కర్రతో పొడిచేవారు. ఇంగ్లండ్ నుంచి వచ్చి అమెరికాలోని సిన్సినాటిలో స్థిరపడిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ ఆ కర్ర తీసేశాడు. దాని బదులు స్ప్రింగ్ బిగించిన ప్లంజర్ పెట్టి 1871లో పేటెంట్ తీసుకున్నాడు. కర్ర తిప్పడానికి చుట్టూ ఖాళీ స్థలం అక్కర్లేకుండా పోయింది. బల్ల చిన్నదైంది, కౌంటర్ మీదికి ఎక్కింది. ఎంత లాగితే అంత వేగం అనే లెక్క ఆటగాడికి దొరికింది. అప్పటికి అతని చేతిలో ఉన్నది అదొక్కటే. బంతి ఒకసారి పైకి వెళ్లాక మేకులదే రాజ్యం.

అందుకే పాత యంత్రంలో ప్లంజర్‌ను చిన్నచూపు చూడకూడదు. స్ప్రింగ్ సాగిపోయినా, కొనమీది రబ్బరు అరిగినా, కడ్డీ ఓ పక్కకు వంగినా ఒకే పట్టున లాగి వదిలినా బంతి ఒకసారి ఒక దారిలో, ఇంకోసారి మరో దారిలో పడుతుంది. అంతే దూరం లాగి వదిలితే మళ్లీ అదే చోటికి చేరేదాకా ఆ పని పూర్తికానట్టే.

ఆట వ్యాపారమైంది 1931లో. షికాగోలో డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ అనే చిన్న యంత్రాన్ని పదిహేడున్నర డాలర్లకు అమ్మాడు. అది మహామాంద్యం కాలం. పనులు పోయి జేబులు ఖాళీ అయిన జనానికి ఒక్క పెన్నీతో ఐదు నుంచి ఏడు బంతుల ఆట దొరికింది. యాభై వేలకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి. వాటిని తీసుకుని అమ్ముతున్న రే మలోనీకి అడిగినన్ని సరుకు అందలేదు. దాంతో 1932లో తనే ‘బాలీహూ’ అనే ఆట చేయించాడు. దాని పేరులోని మొదటి సగంతోనే తర్వాత ప్రసిద్ధికెక్కిన బాలీ సంస్థ పుట్టింది.

ఆట పెరిగేసరికి ఆటగాళ్ల ఉపాయాలూ పెరిగాయి. మంచి గుంటలో పడని బంతిని యంత్రాన్ని ఎత్తి, కుదిపి, అడుగున గుద్ది పడేసేవారు. ఇంజినీరింగ్ చదివిన హ్యారీ విలియమ్స్ అనే కుర్రవాడికి ఇది పెద్ద తలనొప్పి అయింది. అడుగు నుంచి గుద్దేవాళ్ల చేతికి తగిలేలా మొదట మేకులు దిగ్గొట్టాడని చెబుతారు. అది మరీ క్రూరమనిపించి, చిన్న పీఠం మీద ఒక గుండు నిలబెట్టాడు. కుదిపితే గుండు పడిపోతుంది, ఆట ముగుస్తుంది. ఆ ఆలోచనే పదునెక్కి లోలకంగా మారింది.

ఈ లోలకాన్ని దగ్గరగా చూడాలి. నాణేల తలుపు తెరిస్తే పెట్టె లోపలి గోడకు కనిపిస్తుంది. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే గుండులాంటి బరువు ఒక సన్నని కడ్డీకి వేలాడుతుంటుంది. దాని చుట్టూ, తాకీ తాకకుండా, లోహపు వలయం. యంత్రాన్ని గట్టిగా కుదిపితే బరువు ఊగి వలయాన్ని తాకుతుంది. ఆ తాకిడితో కరెంటు దారి పూర్తయి ‘టిల్ట్’ అక్షరాలు వెలుగుతాయి, రెక్కలు చచ్చుబడతాయి. బరువు అడుగున కాస్త సన్నగా, పైన లావుగా ఉంటుంది. దాన్ని కడ్డీ మీద పైకో కిందికో జరిపితే వలయానికీ బరువుకూ మధ్య సందు మారుతుంది. ఆట ఎంత కుదుపు సహించాలో నిర్ణయించేది ఆ కాస్త సందే.

మూలనపడ్డ యంత్రాల్లో ఈ బరువు ఊడిపోయో, వలయం వంగిపోయో ఉంటుంది. ఎలాగూ అడ్డే కదా అని దాన్ని అలాగే వదిలేస్తే ఆట రుచి పోతుంది. నేర్పున్న ఆటగాడు అరచేతితో యంత్రాన్ని సుతారంగా తోసి బంతి దారి మారుస్తాడు. ఎంత తోయవచ్చో, ఎక్కడ ఆగాలో తెలియడమే సగం ఆట. హద్దు లేకపోతే ఆ విద్యకు విలువ ఉండదు, హద్దు మరీ బిగుతైతే విద్యకు చోటే ఉండదు.

అదే విలియమ్స్ 1933లో ‘కాంటాక్ట్’ అనే ఆటతో పిన్‌బాల్‌లోకి విద్యుత్తు తెచ్చాడు. డ్రై సెల్ బ్యాటరీలతో నడిచే కాయిల్ ఒకటి గుంటలో పడిన బంతిని తిరిగి ఆటలోకి తన్నింది. అప్పటిదాకా గుంటలో పడిన బంతి అక్కడే ఉండిపోయేది. కొన్నేళ్లకే బాలీ సంస్థ ‘బంపర్’ అనే ఆట తెచ్చింది. అందులో గుంటల బదులు స్ప్రింగులు చుట్టిన స్తంభాలున్నాయి. బంతి తాకిన ప్రతిసారీ కరెంటు పారి స్కోరు పెరిగేది.

యంత్రం తెలివి మీరుతోంది గానీ ఆటగాడి చేతికి కొత్తగా ఏమీ రాలేదు. పైగా గెలిచినవారికి నేరుగా నాణేలు చెల్లించే యంత్రాలు 1933 నుంచే వచ్చాయి. అదృష్టం మీద డబ్బు కాసే వస్తువును జూదమంటే కాదనడం కష్టం. న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లాగార్డియా పిన్‌బాల్ మీద యుద్ధం ప్రకటించాడు. 1942లో నిషేధం వచ్చింది. పోలీసులు వేలకొద్దీ యంత్రాలు పట్టుకున్నారు. మేయరే పెద్ద సుత్తి పట్టుకుని వాటిని పగలగొడుతున్న ఫొటోలు పత్రికలకెక్కాయి. యంత్రాలు తయారుచేసే షికాగోలోనే వాటిని ఆడటం చాలాకాలం చట్టవిరుద్ధమైంది.

ఈ నేపథ్యంలో 1947లో గాట్లీబ్ సంస్థలో హ్యారీ మాబ్స్ చేసిన పని మామూలుది కాదు. ‘హంప్టీ డంప్టీ’ అనే ఆటలో పక్కల వెంట మూడు జతలుగా ఆరు రెక్కలు పెట్టాడు. అవే మొదటి ఫ్లిప్పర్లు. పెట్టె పక్కనున్న బటన్ నొక్కితే రెక్క లేచి బంతిని కొట్టింది. కిందికి దొర్లే బంతిని ఆపి, గురిచూసి, వెనక్కి పంపే అవకాశం ఆటగాడికి అదే తొలిసారి. అయితే ఆ రెక్కల బలం చాలదు. బంతిని అడుగునుంచి పైదాకా ఒక్క దెబ్బలో కొట్టలేవు.

ఆ లోటు తీర్చినవాడు స్టీవ్ కోర్డెక్. 1937లో షికాగో వీధిలో వాన పట్టుకుంటే ఒక భవనం వసారాలోకి పరుగెత్తాడు. అది జెంకో అనే పిన్‌బాల్ కంపెనీ. ఉద్యోగం కోసం వచ్చావా అని అక్కడివాళ్లు అడిగారు. అంతకుముందు ఆయన పిన్‌బాల్ చూసి ఎరగడు. పదకొండేళ్లు తిరక్కుండానే ‘ట్రిపుల్ యాక్షన్’ చేశాడు. ఆరు రెక్కల బదులు రెండే పెట్టి, వాటిని బల్ల అడుగుకు తెచ్చి, డీసీ కరెంటుతో బలం పెంచాడు. ఖర్చు తగ్గింది, దెబ్బ పదునెక్కింది. ఈనాటికీ పిన్‌బాల్ అంటే అడుగున రెండు రెక్కలే. కోర్డెక్ 2012లో నూరేళ్ల వయసులో కన్నుమూశాడు.

బాగుచేసే పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఈ రెక్క దగ్గరే. ఆటబల్లను ఎత్తి నిలబెడితే రెక్క కింద ఒక కాయిల్ కనిపిస్తుంది. చూడటానికి ఒకటే గానీ అందులో రెండు చుట్లున్నాయి. ఒకటి లావు తీగ, తక్కువ చుట్లు. ఎక్కువ కరెంటు లాగి రెక్కను ఒక్క ఉదుటున లేపుతుంది. రెండోది సన్నతీగ, ఎక్కువ చుట్లు. బటన్ నొక్కిపట్టి ఉంచినంతసేపూ కాయిల్ కాలిపోకుండా రెక్కను పైన నిలుపుతుంది. ఈ రెండిటి మధ్యా కాపలా కాసేది వేలెడంత రేకు స్విచ్. రెక్క కింద ఉన్నప్పుడు దాని రెండు రేకులూ తాకి ఉంటాయి. అప్పుడు కరెంటు సన్నతీగను తప్పించుకుని లావు తీగలోనే పారుతుంది. రెక్క పూర్తిగా లేవగానే దాని తోక తగిలి రేకులు విడిపోతాయి. ఇక కరెంటు రెండు తీగల గుండానూ పోవాల్సిందే. ప్రవాహం పడిపోతుంది, పట్టు నిలుస్తుంది.

ఆ రేకుల మీద నల్లని మసి పేరుకుంటే తొలి ఉదుటుకు కావలసిన కరెంటు అందదు. రెక్క బద్ధకంగా లేస్తుంది, బంతి సగం దూరం పోయి వెనక్కి దొర్లుతుంది. రేకులు వంగి విడిపోవడం మానేస్తే ఇంకో ప్రమాదం. లావు తీగలో కరెంటు ఆగకుండా పారి నిమిషాల్లో కాయిల్ మాడుతుంది. రెక్క బలం తగ్గిందని కొత్త కాయిల్ కొనేవాళ్లున్నారు. చాలాసార్లు సన్నని ఆకురాయితో కాంటాక్టులకు నాలుగు రుద్దులు, రేకును వెంట్రుకవాసి వంచడం, కాయిల్ లోపలి అరిగిన గొట్టం మార్చడంతో పని అయిపోతుంది. 1948 నాటి బలం తిరిగొస్తుంది.

ఆ కాలపు యంత్రంలో చిప్ అనేది లేదు. లెక్కపెట్టడం, గుర్తుంచుకోవడం, వరుస తప్పకుండా చేయడం అన్నీ రిలేలు, మోటారు, రేకు స్విచ్‌లే చూసుకుంటాయి. బంతి ఒక లక్ష్యాన్ని తాకితే ఒక రిలే బిగుసుకుని, మళ్లీ విడవమనేదాకా అలాగే ఉంటుంది. యంత్రానికి జ్ఞాపకం అంటే అదే. యాభై పాయింట్లు రావాలంటే స్కోరు మోటారు కొంత తిరుగుతుంది, దాని పళ్లచక్రాలు ఒక స్విచ్‌ను ఐదుసార్లు నొక్కుతాయి. పదుల చక్రం ఐదడుగులు వేస్తుంది, గంట ఐదుసార్లు మోగుతుంది. కళ్లు మూసుకుని కూడా స్కోరు లెక్కపెట్టవచ్చు.

అన్నీ కంటికి కనిపిస్తాయి, చెవికి వినిపిస్తాయి గనక జబ్బు పట్టుకోవడానికి ఓపికే ప్రధానం. అందరికీ ఎదురయ్యే జబ్బు ఒకటుంది. ఆట మొదలుపెట్టే బటన్ నొక్కగానే స్కోరు చక్రాలన్నీ గిర్రున సున్నాకు రావాలి, మోటారు ఆగాలి, బంతి బయటికి రావాలి. కానీ మోటారు తిరుగుతూనే ఉంటుంది. చక్రాలను చూస్తే ఒకటి ఏడు దగ్గర ఆగిపోయి ఉంటుంది. దాని కాయిల్ టకటకా కొడుతూనే ఉంటుంది గానీ అంకె కదలదు. ప్రతి చక్రానికీ సున్నా దగ్గర తెరుచుకునే స్విచ్ ఉంది. అన్నీ తెరుచుకుంటేనే మోటారు ఆగుతుంది. ఏడు మీద నిలిచిన చక్రం తన వంతు పూర్తిచేయలేదు కాబట్టి యంత్రం అడుగుతూనే ఉంది. మోటారులో ఏ లోపమూ లేదు. ఎప్పుడో వేసిన గ్రీజు ఏళ్లు గడిచి జిగురుగా మారి చక్రాన్ని పట్టేసింది. విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ జిగురంతా తుడిచి, మళ్లీ ఎక్కడా నూనె చుక్క వేయకుండా బిగిస్తే చక్రం సున్నాకొస్తుంది.

మూలనపడ్డ యంత్రానికి తుప్పు ఎంత శత్రువో, తొందరపాటూ అంతే. తెచ్చిన రోజే ప్లగ్గు పెట్టకూడదు. ముందు ఎలుకల గూళ్లు, తెగిన తీగలు వెతకాలి. ఫ్యూజులన్నీ తీసి చూడాలి. ఎవరో ఒకరు పెద్ద ఫ్యూజు వేసో, వెండిరేకు చుట్టో తప్పించుకుని ఉంటారు. పాత వైరుకు ఎర్త్ ఉండకపోతే మూడు పిన్నుల వైరు వేయాలి. అమెరికా యంత్రం మన 230 వోల్టుల మీద నేరుగా నడవదు, వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కాయిళ్లలో నూనె పోయకూడదు, అది దుమ్ము పట్టి మళ్లీ జిగురవుతుంది. కాంటాక్టులను ఉప్పు కాగితంతో గీకకూడదు, దాని రజను వాటిలోనే ఇరుక్కుంటుంది.

రంగు బల్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ప్లైవుడ్ మీద సిల్క్ స్క్రీన్ పద్ధతిలో అచ్చేసిన బొమ్మలవి. నీళ్లు తగిలితే పగుళ్లలోకి ఇంకి రంగు లేచిపోతుంది. బల్ల మీద అరుగుదలకు మూలకారణం చాలాసార్లు బంతే. సుమారు 80 గ్రాముల ఉక్కు గుండు తుప్పుపట్టి గుంటలు పడితే, దొర్లిన చోటల్లా రంగును గీరుకుంటూ పోతుంది. మొత్తం యంత్రంలో అన్నిటికంటే చవకగా, అన్నిటికంటే ముందుగా మార్చవలసింది అదే. వెనుక గాజు పలక మీది బొమ్మ గాజుకు లోపలివైపు వేసింది. దీపాల వేడికి అది పొరలుగా రాలుతుంది. అందుకే ఎక్కువ కరెంటు లాగే 44 నంబరు బల్బుల బదులు తక్కువ వేడి పుట్టించే 47 నంబరు బల్బులు వేస్తారు. రాలిన చోట కొత్త రంగు పులమడం కంటే మిగిలినదాన్ని నిలబెట్టడం నిజమైన గౌరవం.

చివరగా వాలు. ఆ కాలపు యంత్రాలకు మూడున్నర డిగ్రీల వాలు సరిపోతుంది. కాళ్ల కింది బోల్టులు తిప్పి, పక్కవాటు లేకుండా నీటిమట్టం చూసి నిలబెట్టాలి. ఒక పక్కకు వాలిన బల్ల మీద ఎంతటి ఆటగాడైనా అదృష్టానికి బానిసే.

పిన్‌బాల్‌కు చట్టం నుంచి విముక్తి దొరికింది కూడా ఇది అదృష్టం కాదు, నేర్పు అన్న మాట మీదే. 1976లో న్యూయార్క్ నగర కౌన్సిల్ ముందుకు రెండు యంత్రాలు తెచ్చారు. రోజర్ షార్ప్ అనే యువ పాత్రికేయుడు ఆడి చూపించాలి. సభ్యుల్లో ఒకరికి అనుమానమొచ్చి, పక్కన అదనంగా ఉంచిన యంత్రం మీద ఆడమన్నారు. షార్ప్ ఆడుతూ ముందే చెప్పి కొట్టాడు. ఆఖర్న ప్లంజర్ లాగబోతూ, బంతి పైన మధ్య దారిలోనే దిగుతుందని చెప్పి వదిలాడు. అది అక్కడే దిగింది. 34 ఏళ్ల నిషేధం ఎత్తేశారు. రెడ్‌గ్రేవ్ స్ప్రింగ్‌కు నూరేళ్లు దాటాక, అది మనిషి చేతి మాట వింటుందని ఒక నగరం ఒప్పుకుంది.

ఆ వెంటనే కాలం మారింది. 1977 నాటికి విలియమ్స్, బాలీ సంస్థల యంత్రాల్లోకి మైక్రోప్రాసెసర్లు వచ్చాయి. 1979లో ‘గోర్గార్’ అనే యంత్రం ఏడు మాటలు పలికింది. 1992 నాటి ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ ఇరవై వేలకు పైగా అమ్ముడైంది. వీడియో గేముల పోటీకి తట్టుకోలేక 1999లో విలియమ్స్ సంస్థ పిన్‌బాల్ ఆపేసింది. ఈ తరం యంత్రాలకు వేరే జబ్బు ఉంది. స్కోరు గుర్తుంచుకునేందుకు బోర్డు మీద అంటించిన బ్యాటరీ కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. పచ్చని చిలుము కనిపించిందంటే ముందు బ్యాటరీ పీకి, ఆ మరకను ఆపాలి. మిగతా పనంతా ఆ తర్వాతే.

ఇంత శ్రమ ఎందుకు, కంప్యూటర్లో అదే ఆట ఉందిగా అని అడిగేవాళ్లుంటారు. తెరమీది బంతికి బరువు లేదు. రెక్క మీద ఉక్కు గుండు ఆగినప్పుడు అరచేతులకు తెలిసే అదురు, తోస్తే కదిలే పెట్టె బరువు, తప్పు తోపుకు వెంటనే పడే శిక్ష, ఇవి యంత్రం ఎదుట నిలబడితేనే తెలుస్తాయి. రెడ్‌గ్రేవ్, విలియమ్స్, మాబ్స్, కోర్డెక్ కనిపెట్టినవి కాగితం మీది బొమ్మల్లో భద్రంగా ఉన్నాయి. కానీ అవి పని చేస్తున్నాయో లేదో చెప్పగలిగేది ఆడుతున్న చేతులే.

అందుకే బాగుచేసిన యంత్రాన్ని గుడ్డ కప్పి దాచుకోవడం దానికి మేలు కాదు. రేకు స్విచ్‌లు మూసుకునేటప్పుడు ఒకదాన్నొకటి కాస్త రాసుకుంటాయి. ఆ రాపిడే వాటిమీది మసిని తుడుస్తుంది. ఆడకుండా వదిలేస్తే మళ్లీ పొర పడుతుంది, రెక్క మళ్లీ బద్ధకిస్తుంది. కాలిఫోర్నియాలోని అలమీడాలో పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం, లాస్ వేగస్‌లో పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ పాత యంత్రాలను వచ్చినవాళ్లతో ఆడించేందుకే నడుస్తున్నాయి. అరిగేది అరగనీ, అరిగినది మార్చుకోవచ్చు. ఇంటికొచ్చిన పిల్లల చేత ఆడించాలి, ఎలా తోయాలో, ఎక్కడ ఆగాలో నేర్పాలి, ఆటబల్ల ఎత్తి లోపల ఏం జరుగుతోందో చూపించాలి. ఆడే చేయి ఉన్నన్నాళ్లూ ఆ యంత్రానికి పాతదనం అడ్డు కాదు.